నాలుగు కోట్ల అంకెల సంఖ్యకు ఒక్క పీరియడ్ ఇవ్వండి

2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ అనే ముప్పై ఆరేళ్ల అమెరికన్ ఇంజినీరు అప్పటిదాకా తెలిసినవాటన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్యను పట్టుకున్నాడు. 13,62,79,841 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేస్తే మిగిలేదే ఆ సంఖ్య. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. ఇంత పెద్ద సంగతీ మా కోనసీమకు చేరేసరికి ఒక బిట్ అయిపోయింది. గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్తున్న మా వీధి కుర్రాడి నోట్సులో చూశాను. ‘అతిపెద్ద ప్రధాన సంఖ్య’ అని ఉంది, ఎదురుగా ఘాతాంకం, కింద ఎర్ర గీత. ఆ పైన ప్రపంచంలో పొడవైన నది, ఆ కింద ఎత్తైన విగ్రహం.

కుర్రాడిది తప్పు కాదు. పరీక్ష ఏది అడుగుతుందో అదే రాసుకున్నాడు. నా బాధల్లా ఆ సంఖ్య గురించి తొమ్మిదో తరగతి పిల్లలు తెల్లకాగితం, పెన్సిలు పెట్టుకుని సొంతంగా కనుక్కోగలిగిన సంగతులు బోలెడున్నాయి కదా అని. ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చదవని సంఖ్య అది. మలికిపురంలోనో ముమ్మిడివరంలోనో బెంచీ మీద కూర్చున్న ఆడపిల్ల దాన్ని నిలదీసి జవాబు రాబట్టగలదు. ఆ అవకాశం మన బళ్లలో దాదాపు ఏ పిల్లకీ దొరకడం లేదు. రాజోలు, మామిడికుదురు, అల్లవరం మండలాల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. వారానికి ఒక్క పీరియడ్, మార్కులతో ముడి పెట్టకుండా, ఇలాంటి లెక్కలకు కేటాయించాలని అడుగుతున్నాను.

ఆ పీరియడ్‌లో ఏం చేస్తారంటారా? ఇక్కడే చేసి చూపిస్తాను. 2 ఘాతాలను వరసగా రాయండి: 2, 4, 8, 16, 32, 64, 128, 256. ఒకట్ల స్థానం మాత్రం చూడండి. 2, 4, 8, 6, మళ్లీ 2, 4, 8, 6. నాలుగేసి అడుగులకు అదే తిరిగొస్తుంది. మన ఘాతాంకం 13,62,79,841ని 4తో భాగిస్తే శేషమెంత? చివరి 41 చూస్తే చాలు, శేషం 1. కాబట్టి ఒకట్ల స్థానంలో 2 ఉండాలి. అందులోంచి 1 తీస్తే 1. నాలుగు కోట్ల అంకెల సంఖ్యకు చివరి అంకె తెలిసిపోయింది, కంప్యూటరు ముట్టుకోలేదు. ఓపికున్న పిల్లలు ఇంకా ముందుకు వెళ్తారు. మూడో ఘాతం దగ్గర్నుంచి చివరి మూడంకెలు నూరేసి అడుగులకోసారి తిరుగుతాయి. అందుకని 2 నలభై ఒకటో ఘాతం వేసుకుంటే సరిపోతుంది. అది 21,99,02,32,55,552. 1 తీస్తే చివరి మూడంకెలు 551.

ఇంకొకటి నాకు బాగా ఇష్టమైనది. అంకెలన్నీ కూడి, వచ్చినదాని అంకెలు మళ్లీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా చేయడం పిల్లలకు ఆటలాంటిది. 9తో భాగిస్తే వచ్చే శేషమే అలా మిగులుతుందని, శేషం సున్నా అయితే 9 మిగులుతుందని వాళ్లకు తెలుసు. 2 ఘాతాలను 9తో భాగిస్తూ పోతే శేషాలు 2, 4, 8, 7, 5, 1, మళ్లీ మొదటికి. ఆరేసి అడుగుల చక్రం. మన ఘాతాంకాన్ని 6తో భాగిస్తే 5 మిగులుతుంది, అంటే చక్రంలో ఐదో చోటు, శేషం 5. ఒకటి తీస్తే 4. ఆ 4,10,24,320 అంకెలనూ ఎవరైనా కూర్చుని కూడి, మళ్లీ మళ్లీ కూడి ఒక్క అంకెకు తెస్తే మిగిలేది 4. ఇది బోర్డు మీద చెప్పిన రోజున వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, “మనం చూడనే చూడని అంకెల్ని మనమెలా కూడేశామండీ మేడమ్?” అని అడిగింది. అంత మంచి ప్రశ్న నేను ఏ ప్రశ్నపత్రంలోనూ చూడలేదు. ఆ రోజు పాఠం అక్కడే ఆపి, గంట కొట్టేదాకా ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం.

అసలు అన్ని అంకెలుంటాయని ఎలా చెప్పారు? మేం అమలాపురంలో డిగ్రీ చదివే రోజుల్లో క్లార్క్ టేబుల్స్ చేతిలో లేకుండా క్లాసుకు వెళ్లేవాళ్లం కాదు. అందులో 2కి లాగరిథమ్ 0.3010. దాన్ని ఘాతాంకంతో గుణిస్తే 4,10,20,233 అంకెలని తేలుతుంది. అసలు లెక్కకు 4,087 అంకెలు తక్కువ! నాలుగు దశాంశ స్థానాల తర్వాత వదిలేసిన చిన్న ముక్కే పదమూడు కోట్లతో గుణించేసరికి అంత అయింది. పది స్థానాల విలువ 0.3010299957 వేసుకోండి, సరిగ్గా 4,10,24,320 వస్తుంది. దశాంశ బిందువు తర్వాత ఎన్ని స్థానాలు ఉంచాలి అని పిల్లలు ఊరికే విసుక్కుంటారు. ఈ ఒక్క గుణకారం చేయించిన తర్వాత నన్ను ఆ మాట మళ్లీ ఎవరూ అడగలేదు. పాత రాష్ట్ర సిలబస్‌లో పదో తరగతి మొదటి అధ్యాయంలోనే లాగరిథమ్‌లు ఉండేవి కాబట్టి ఇదేమీ కాలేజీ చదువు కాదు. పేజీకి వెయ్యి అంకెల చొప్పున రాసుకుంటూ పోతే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కులు 206 కావాలని కూడా వాళ్లే లెక్కగట్టారు.

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో మా ప్రాంతంలో కొబ్బరికాయలతో చెప్పడం తేలిక. ఒలిచిన కాయలు 35 ఉంటే ఐదు వరసల్లో ఏడేసి పేర్చవచ్చు. 37 ఉంటే ఎన్ని తిప్పలు పడ్డా ఒక్క పొడుగాటి వరసే. దింపు కార్మికుల పిల్లలు, ఒలుపు కార్మికుల పిల్లలు నా క్లాసుల్లో ఎప్పుడూ ఉండేవాళ్లు. వాళ్లకు ఇది పుస్తకం తెరవకముందే తెలుసు.

అసలు రుచి ఆ తర్వాత ఉంది. 2, 3, 5, 7 ఘాతాలు వేసి ఒకటేసి తీస్తే 3, 7, 31, 127. నాలుగూ ప్రధాన సంఖ్యలే. తర్వాతి ప్రధాన సంఖ్య 11. రెండుకు పదకొండో ఘాతం 2,048, ఒకటి తీస్తే 2,047. ఇది ప్రధాన సంఖ్యేనా అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో “ఆయ్, అవునండీ!” అంటుంది. నేనేమీ అనేదాన్ని కాదు. 3తో చూడండి, 7తో చూడండి, 13తో, 17తో, 19తో అని ఊరుకునేదాన్ని. ఒకటీ పోదు. నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. 23 దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు గట్టిగా కేకేస్తారు. 23 × 89 = 2,047. నాలుగుసార్లు నిజమైనది ఐదోసారీ నిజం కానక్కర్లేదని పిల్లలు తమ చేత్తో తెలుసుకునే క్షణం అది. రుజువు ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

అక్కడితో వదలకూడదు. 23ని 11తో భాగిస్తే శేషం 1. 89ని భాగించినా 1. ఇది యాదృచ్ఛికం కాదు. బేసి ప్రధాన ఘాతాంకంతో వచ్చే ఇలాంటి సంఖ్య దేనికైనా సరే, దాని ప్రధాన కారణాంకాన్ని ఆ ఘాతాంకంతో భాగిస్తే ఒకటే మిగులుతుంది. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగులుతుంది. కారణాంకం బేసి సంఖ్య కూడా కావాలి కాబట్టి ఘాతాంకం రెట్టింపుకు 1 కలిపినదానికంటే చిన్నది కాలేదు. అంటే డ్యురాంట్ సంఖ్యను 27,25,59,683 కంటే చిన్న ప్రధాన సంఖ్య ఏదీ భాగించలేదని ఏ యంత్రమూ పని మొదలెట్టకముందే చెప్పొచ్చు.

ఈ జాతి సంఖ్యలకు మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు పేరు పెట్టారు. ఆయన 1644లో ప్రకటించిన ఘాతాంకాల జాబితాలో 67, 257 తప్పులు. 61, 89, 107 జారిపోయాయి. 67వ ఘాతం సంఖ్య ప్రధాన సంఖ్య కాదని 1876లో ఎడ్వర్డ్ ల్యూకా తేల్చాడు గానీ దాని కారణాంకాలేమిటో ఆయనకూ తెలియలేదు. 1903లో న్యూయార్కులో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆచార్యుడు గణిత సభలో లేచి, ఒక్క మాటా మాట్లాడకుండా బోర్డు మీద ఒక పక్క 14,75,73,95,25,89,67,64,12,927 రాసి, రెండో పక్క 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించి చూపించి కూర్చున్నాడని చెబుతారు. రెండు పక్కలా ఒకే సంఖ్య. సభ చప్పట్లు కొట్టింది. ఆదివారాలన్నీ దీనికే పెట్టాడట.

ఇక మన మాట. 2 ఘాతంలోంచి ఒకటి తీసిన ఒక పెద్ద సంఖ్యను తెలుగువాళ్లు వందల ఏళ్ల కిందటే పద్యంలో దాచుకున్నారు. మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన, చదరంగం అరవై నాలుగు గళ్లలో ఒక్కో గడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంతవుతుందో చెప్పాడు. బాణాలంటే 5, చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఏనుగులంటే 8. ఇలా వస్తువుల పేర్లే అంకెలుగా, కుడి నుంచి ఎడమకు చదువుకునే పద్ధతి. ఇరవై అంకెల సంఖ్య, 1,84,46,74,40,73,70,95,51,615, ఒక్క అంకె కూడా తప్పకుండా ఛందస్సులో కూర్చుంది. అది సరిగ్గా 2⁶⁴ − 1. మల్లన వంశానికి మా గోదావరి సీమలో, పిఠాపురం దగ్గర నవఖండవాడ దక్కిందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. కోనసీమ నుంచి ఎంతో దూరం కాదు. ఈ పద్యం తెలుగు పీరియడ్‌లో ఛందస్సు గొప్పదనంగా వినిపిస్తుంది తప్ప, లెక్కల పీరియడ్‌లోకి ఎప్పుడూ రాదు.

రావాలి. ఎందుకంటే ఆ సంఖ్యను విడగొట్టడానికి పిల్లలకు వచ్చిన ఒకే ఒక సూత్రం చాలు: a² − b² అని వాళ్లు రోజూ వల్లెవేసే వర్గాల భేదం. 64ను సగం చేస్తే 32, 16, 8, 4, 2, 1. ప్రతిసారీ ఒక కారణాంకం రాలుతుంది. 3, 5, 17, 257, 65,537, చివరగా 4,29,49,67,297. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనే గణితవేత్త అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 67,00,417గా విడగొట్టాడు. ఫెర్మా ప్రధాన సంఖ్యలని పేరున్నవి ఇప్పటికీ ఆ మొదటి ఐదే తెలుసు, ఆరోది ఎవరికీ దొరకలేదు. ఆ ఐదూ మన మల్లన సంఖ్య కడుపులో ఉన్నాయి! ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఇలా విడిపోతుంది కాబట్టే డ్యురాంట్ లాంటివాళ్లు ప్రధాన ఘాతాంకాలనే పట్టుకుని వెతుకుతారు. ఇన్ని సంగతులు ఒక తెలుగు పద్యం నుంచి నేరుగా అల్లుకుపోతుంటే, అవి చెప్పకుండా పిల్లలను ఎలా పంపేస్తున్నామో నాకు అర్థం కాదు.

ఇంత పెద్ద సంఖ్యను ప్రధాన సంఖ్య అని ఎలా నిర్ధారిస్తారు? ల్యూకా మొదలుపెట్టి తర్వాత లేమర్ సానబెట్టిన పరీక్ష ఒకటుంది. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి 2 తీసెయ్. పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో. మళ్లీ వర్గం, మళ్లీ 2 తీసెయ్. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్నా అయితే ప్రధాన సంఖ్య, కాకపోతే కాదు. అంతే. 127 మీద చేయిద్దాం. ఘాతాంకం 7, కాబట్టి ఐదు అడుగులు. 4 నుంచి 14. 14 నుంచి 194, భాగిస్తే 67. 67 వర్గం 4,489, రెండు తీసి భాగిస్తే 42. దాన్నుంచి 111. 111 వర్గం 12,321, రెండు తీస్తే 12,319, అది సరిగ్గా 127 × 97. “సున్నా వచ్చేసిందండీ!” అని ముందు బెంచీవాడు చెయ్యెత్తేసరికి వెనక బెంచీలు ఇంకా 42 దగ్గరున్నాయి. ఎవరికి వాళ్లు ఆ సున్నా దాకా వెళ్లేవరకూ ఊరుకోలేదు.

ఒక ఏడు 2,047ని ఇంటికి ఇచ్చాను. తొమ్మిది అడుగులు. గోదావరికి వరదొచ్చి బడికి నాలుగైదు రోజులు సెలవిచ్చారు. లంక గ్రామం నుంచి పడవ మీద వచ్చే ఒక అబ్బాయి తిరిగొచ్చాక నోటుబుక్కు నా ముందు పెట్టాడు. 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. ఒక్కో అడుగుకూ పేజీలో సగం గుణకారం. 1877ను 1877తో గుణించిన చోట మొదట ఒక అంకె తప్పొచ్చింది, కొట్టేసి పక్కన మళ్లీ వేశాడు. చివరి 1736 కింద రెండు గీతలు గీసి, “సున్నా కాదు, కనుక ప్రధాన సంఖ్య కాదు” అని రాశాడు. 23తో పోతుందన్న సంగతి వాడికి ముందే తెలుసు. అయినా కారణాంకాన్ని చూడకుండానే సంయుక్త సంఖ్య అని తేల్చే దారి వాడికి కొత్తగా కనిపించింది. ల్యూకా 67 విషయంలో చేసింది సరిగ్గా ఇదే. ఎనిమిదేళ్లు పలకా బలపంతో పెరిగిన పిల్లాడు పందొమ్మిదో శతాబ్దపు ఆలోచనను తన చేత్తో మళ్లీ చేశాడు. దానికి నేను మార్కులు వేయలేదు. వేసి ఉంటే ఆ నోటుబుక్కును అంత మురిపెంగా చూపించేవాడు కాదని నా నమ్మకం.

డ్యురాంట్ సంఖ్యకు ఇదే పరీక్ష 13,62,79,839 అడుగులు. ప్రతి అడుగులోనూ కోట్ల అంకెల వర్గం. అందుకు పదిహేడు దేశాల్లో అద్దెకు తీసుకున్న యంత్రాలతో గాలించాడు. డబ్లిన్‌లోని యంత్రం అక్టోబరు 11న అనుమానం చెబితే, మర్నాడు టెక్సాస్‌లోని మరో యంత్రం ఈ పరీక్షతో ఖాయం చేసింది. అంతకు ముందు 2017 డిసెంబరులో ఇలాంటి ప్రధాన సంఖ్య జొనాథన్ పేస్ అనే ఆయన తన చర్చిలో పెట్టిన మామూలు కంప్యూటర్లో దొరికింది. డ్యురాంట్‌కు వచ్చిన బహుమతి 3,000 డాలర్లు. దాన్ని తాను చదివిన అలబామా ప్రభుత్వ గణిత, విజ్ఞాన పాఠశాలలోని లెక్కల విభాగానికి ఇచ్చేస్తానన్నాడు. వార్తల్లో అందరూ అంకెల సంఖ్య గురించి రాశారు. నాకు మటుకు ఈ చివరి వాక్యమే పెద్ద వార్త. బళ్లో ఎవరో ఒక టీచరు అతనికి పరీక్షలో రాని లెక్క ఒకటి రుచి చూపించి ఉంటారు.

మన దగ్గర ఇదంతా చెప్పబోతే మొదట వచ్చే ప్రశ్న నాకు కంఠతా వచ్చు. “ఇది పరీక్షలో వస్తుందాండీ మేడమ్?” అడిగే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. కొబ్బరి ధర నిలకడ లేని చోట, సార్వా మునిగితే దాళ్వా మీద ఆశ పెట్టుకునే చోట, పిల్ల ర్యాంకు ఒక్కటే ఇంటికి ఆధారంగా కనిపిస్తుంది. ఆరో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సుల్లో చేర్పించేది అందుకే. కానీ అక్కడ నేర్పేది షార్ట్‌కట్. పది సెకన్లలో జవాబు గుర్తించడం. ఎందుకు వచ్చిందని అడిగితే టైము వేస్టంటారు. ఇలా ఐదారేళ్లు నలిగిన పిల్లలు ఇంటర్ తర్వాత లెక్కల పుస్తకం ముఖం చూడరు. ర్యాంకు వచ్చినవాళ్లూ చూడరు. అదీ నన్ను కలవరపెట్టే విషయం. టీచర్ల ఇబ్బందీ తెలుసు. సిలబస్సు, యాప్‌లు, హాజరు ఫొటోలు అయ్యేసరికి పాఠానికే టైము చాలదు. అందుకే ఒక్క పీరియడ్ అంటున్నాను, రెండు అనడం లేదు.

పనికొస్తుందా అన్నదానికీ నిజాయితీగా జవాబు చెప్పాలి. నాలుగు కోట్ల అంకెల సంఖ్యతో ఏ తాళమూ వేయరు, అది మరీ పెద్దది, పైగా అందరికీ తెలిసినది. బ్యాంకుల వెబ్‌సైట్ల భద్రతలో చాలాకాలంగా వాడుతున్న ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి కావలసినవి మూడు వందలకు పైచిలుకు అంకెలుండే రహస్య ప్రధాన సంఖ్యలు రెండు. వాటిని గుణించడం సులువు, లబ్ధాన్ని తిరిగి విడగొట్టడం ఇప్పటి యంత్రాల వల్ల కాదు. ఆ పద్ధతిలో బహిరంగంగా ఉంచే ఘాతాంకంగా ఎక్కువమంది ఎంచుకునేది ఏమిటో తెలుసా? 65,537. మల్లన సంఖ్యలోంచి రాలిన ఐదో కారణాంకం. ద్విసంఖ్యామానంలో రాస్తే అందులో రెండే ఒకట్లు, మిగతావన్నీ సున్నాలు, అందుకే లెక్క త్వరగా అవుతుంది. ప్రధాన సంఖ్యలను గుర్తించే పనిలో మనవాళ్ల వాటా కూడా ఉంది. 2002 ఆగస్టులో ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యో కాదో సహేతుకమైన కాలంలో ఖచ్చితంగా తేల్చే పద్ధతిని ప్రపంచానికి ఇచ్చింది ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయనతో అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. మన దేశంలో, మన పిల్లల వయసువాళ్లకు దగ్గరవాళ్లు. వాళ్ల రుజువులో ప్రధానమైన మెట్టు ద్విపద విస్తరణ. అదీ మన ఇంటర్ సిలబస్సే.

తెలుగువాళ్లలో ఈ దారిన చాలా దూరం నడిచిన మనిషి ఒకరున్నారు, పిల్లలకు ఆయన పేరే తెలియదు. అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు. మద్రాసులో చదివి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1963 నుంచి కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 2006లో పోయారు. మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికినప్పుడల్లా దాంతో ఒక పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య, పుడుతుంది: 7 నుంచి 28, 31 నుంచి 496, 127 నుంచి 8,128. డ్యురాంట్ సంఖ్యతో పుట్టినదానికి 8,20,48,640 అంకెలు. సుబ్బారావు గారు, వారెన్ అనే సహచరుడితో కలిసి 1966లో దీనికి మరో రూపం తెచ్చారు. ఒక కారణాంకాన్నీ, దాంతో భాగించగా వచ్చినదాన్నీ తీసుకుంటే ఆ రెంటికీ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. అలాంటి కారణాంకాలనే కూడాలి. 60 తీసుకోండి: 1, 3, 4, 5, 12, 15, 20. కలిపితే మళ్లీ 60. ఇలాంటివి ఇప్పటికి తెలిసినవి ఐదే: 6, 60, 90, 87,360, ఆ తర్వాత ఒక్కసారిగా 24 అంకెల సంఖ్య. ఆరోది ఉందా? ఇవి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు గారి ఊహ. రుజువు కాలేదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయో లేదో, బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. 60ని, 90ని సరిచూసిన ఏడో తరగతి పిల్లకు ఈ ప్రశ్న పూర్తిగా అర్థమవుతుంది. ప్రపంచంలో ఏ ప్రొఫెసరుకూ దీనికి జవాబు తెలియదని చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. అన్నీ ఎవరో ఎప్పుడో కనిపెట్టేశారు, మనం బట్టీ కొట్టడమే మిగిలిందన్న బరువు దిగిపోతుంది.

ప్రధానోపాధ్యాయులకు, మండల విద్యాశాఖాధికారులకు నా మనవి. డిసెంబరు 22న రామానుజన్ పుట్టిన రోజుకు జాతీయ గణిత దినోత్సవం చేస్తాం. పూలమాల, ముగ్గు, రెండు ఉపన్యాసాలు, బహుమతులు. అవన్నీ ఉండనివ్వండి. ఉపన్యాసాల్లో ఒకటి తగ్గించి ఆ టైము పిల్లలకివ్వండి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల హైస్కూళ్లన్నీ ఆ రోజు ఒకే సంఖ్యను పరీక్షించాలి. 8,191తో మొదలుపెట్టమంటాను. ఘాతాంకం 13, పదకొండు అడుగులు. క్లాసును పదకొండు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో అడుగు ఇవ్వండి. ఒక జట్టు తప్పితే ఆ తర్వాతివన్నీ తప్పుతాయి కాబట్టి ప్రతి జట్టూ ముందు జట్టు లెక్కను సరిచూడాలి, అది కూడా వాళ్లే తెలుసుకుంటారు. కాలిక్యులేటరు ఇస్తారా, చేత్తో చేయిస్తారా అన్నది టీచరు ఇష్టం. నేనైతే చేత్తోనే చేయిస్తాను.

సరిచూసుకోవడానికి టీచర్లకు ఉపయోగపడుతుందని శేషాలు ఇక్కడే రాస్తున్నాను. 4తో మొదలుపెడితే 14, 194, 4870, 3953, 5970, 1857, 36, 1294, 3470, 128. పదో జట్టు 128 బోర్డు మీద రాశాక పదకొండో జట్టు చేయవలసింది కొంచెమే. 128 వర్గం 16,384. రెండు తీస్తే 16,382. అది 8,191కి సరిగ్గా రెట్టింపు.